మెత్తని కిరణం, గట్టి పలక

మామోగ్రామ్ తీయించుకుని వచ్చిన ఏ ఆవిడను అడిగినా ముందు చెప్పేది ఎక్స్‌రే సంగతి కాదు, ఆ నొక్కుడు సంగతి. కింద చిన్న బల్ల, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పలక. టెక్నీషియన్ రొమ్మును చేత్తో ఎత్తి, ముందుకు లాగి, ముడతలు సర్ది బల్ల మీద పరుస్తుంది. కాలితో పెడల్ తొక్కితే పలక దిగుతుంది. ఇక చాలులే అనుకున్న చోట ఆగదు, ఇంకాస్త దిగుతుంది. "ఊపిరి బిగపట్టండి మేడమ్, కదలొద్దు" అని ఆమె అద్దం అడ్డు వెనక్కి వెళ్తుంది. ఒకటి రెండు సెకన్లు. ఫొటో పడగానే పలక దానంతట అదే పైకి లేస్తుంది. ఒక్కో వైపు పైనుంచి ఒకటి, చంక దాకా అందేలా ఏటవాలుగా ఒకటి, మొత్తం నాలుగు. పది, పదిహేను కిలోలు మీద పెట్టినంత ఒత్తిడి.

ఇన్ని రకాల స్కానింగులు వచ్చిన కాలంలో ఇంకా ఈ నలపడం ఏమిటని విసుక్కుంటారు. న్యాయమైన విసుగే. కానీ ఈ యంత్రం చరిత్ర చదివినకొద్దీ నాకు ఆ పలక మీద గౌరవం పెరిగింది. ఎక్స్‌రే గొట్టం కన్నా, ఫిల్ము కన్నా, ఇప్పుడు అందరి నోటా నానుతున్న కృత్రిమ మేధ కన్నా దానిదే పెద్ద పాత్ర. దానికి సాటి వచ్చేది ఇంకొకటే ఉంది, అది యంత్రమే కాదు. చీటీ వేసినట్టు ఆడవాళ్లను రెండు జట్లుగా విడదీసి, ఏళ్ల తరబడి ఓపిగ్గా చావులు లెక్కపెట్టిన ఒక పద్ధతి. అది లేకపోతే ఈ యంత్రం ఏదో చూపిస్తుందని తెలిసేది కానీ, ఎవరినైనా బతికిస్తుందో లేదో తెలిసేది కాదు.

1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనిపెట్టాడు. ఎముకలు కనబడ్డాయి, ఒంట్లో దిగిన తూటాలు కనబడ్డాయి. రొమ్ములో ఎముక లేదు. ఉన్నదల్లా కొవ్వు, పాలగ్రంథులు, నాళాలు, వాటిని పట్టి ఉంచే నారలాంటి కణజాలం. గడ్డ పుట్టినా అదీ మెత్తటిదే. మెత్తటి దానిలో మెత్తటి దాన్ని వేరుచేసి చూపడం అప్పటి ఎక్స్‌రేకు చేతనయ్యే పని కాదు.

బెర్లిన్ విశ్వవిద్యాలయ శస్త్రచికిత్సాలయంలో పనిచేసే సర్జన్ ఆల్బర్ట్ సాలమన్ ఆ పని మొదలుపెట్టాడు, బతికున్న మనుషుల మీద కాదు. ఆపరేషన్‌లో తీసేసిన రొమ్ములకు, దాదాపు 3,000 నమూనాలకు, ఎక్స్‌రే తీసి, వాటినే కోసి మైక్రోస్కోపు కింద చూసి, రెండింటినీ పోల్చాడు. గడ్డ అంచు చుట్టుపక్కలకు ఎలా పాకుతుందో, చంకలోని గ్రంథుల వైపు ఎలా వ్యాపిస్తుందో 1913లో అచ్చువేశాడు. ఆ ఫొటోల్లో కొన్నిచోట్ల సన్నని చుక్కలు కూడా పడ్డాయి. వాటి విలువ ఆయనకు అప్పటికి పూర్తిగా అందలేదు. సాలమన్ యూదుడు. హిట్లర్ రాగానే ఉద్యోగం పోయింది, 1938లో సాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి తోశారు, విడుదలయ్యాక నెదర్లాండ్స్‌కు పారిపోయి ప్రాణం దక్కించుకున్నాడు. ఒక్కగానొక్క కూతురు షార్లెట్ సాలమన్‌ను మాత్రం 1943లో ఆష్విట్జ్‌లో చంపేశారు. ఇవాళ లోకానికి ఆ పేరు ఆమె వేసిన బొమ్మల వల్లే తెలుసు, తండ్రి తీసిన ఎక్స్‌రేల వల్ల కాదు.

బతికున్నవాళ్ల రొమ్ములకు ఎక్స్‌రే తీసి ఒక లెక్కగా ప్రకటించింది అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని స్టాఫర్డ్ వారెన్. 1930లో, ఆపరేషన్‌కు వెళ్లబోయే 119 మందికి ముందే ఎక్స్‌రే తీసి, లోపల ఏముందో ఊహించి రాసిపెట్టి, కోశాక సరిచూసుకున్నాడు. చాలావరకు సరిపోయాయి. పది పదిహేనేళ్ల తర్వాత అదే వారెన్ అణుబాంబు తయారుచేసిన మాన్‌హాటన్ ప్రాజెక్టుకు ప్రధాన వైద్యాధికారి అయ్యాడు. ఆయన పద్ధతి మాత్రం ఊరూరా పాకలేదు. ఒక ఆసుపత్రిలో బాగా వచ్చిన ఫొటో ఇంకో ఆసుపత్రిలో మసకగా వచ్చేది.

ఆ మసక తొలగించే దారి చూపినవాడు ఉరుగ్వేలోని మాంటెవిడియో రేడియాలజిస్టు రౌల్ లెబోర్న్. 1940ల చివర, రొమ్మును నొక్కిపట్టి ఫొటో తీస్తే ఎంత తేడా వస్తుందో ఆయన చేసి చూపించాడు. నొక్కితే ఏమవుతుంది? మందం తగ్గుతుంది. దాంతో కిరణాలు లోపల అటూ ఇటూ చెదరడం తగ్గుతుంది, ఆ చెదురుడే ఫొటోను అలికినట్టు చేసేది. ఒకదాని మీద ఒకటి పడ్డ గ్రంథుల నీడలు విడిపోతాయి. కదలడానికి వీలుండదు. తక్కువ కిరణంతోనే పని జరుగుతుంది. ఇన్ని లాభాలు ఒక పలకతో. ఇంకో సంగతి, నా లెక్కలో అంతకన్నా పెద్దది: సాలమన్ ఫొటోల్లో పడ్డ చుక్కల్ని లెబోర్న్ పట్టించుకున్నాడు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు 30 శాతం మందికి అవి కనిపిస్తున్నాయని 1951లో రాశాడు.

ఆ చుక్కలు కాల్షియం రేణువులు. పాలనాళం లోపల కణాలు అదుపు తప్పి పెరిగి, మధ్యలో ఉన్నవి పోషణ అందక చనిపోతే, ఆ శిథిలాల్లో కాల్షియం పేరుకుంటుంది. ఒక్కో రేణువు మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా ఉంటుంది, ఉప్పు రవ్వంత. ఎంత అనుభవం ఉన్న వేలికీ అది తగలదు. రేణువులన్నీ చెడ్డవి కావు. వయసుతో, పాత దెబ్బలతో, ఎండిపోయిన తిత్తులతో వచ్చేవే ఎక్కువ. గుండ్రంగా, పెద్దగా, అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే చాలావరకు భయం లేదు. ఒక్కచోట గుంపుకట్టి, ఒకదానికీ ఇంకోదానికీ ఆకారం పొంతన లేకుండా, ముక్కలు విరిగినట్టు, కొమ్మలు చీలినట్టు నాళం దారి పట్టి ఉంటే రేడియాలజిస్టు భూతద్దం అందుకుంటాడు. పరీక్షకు వచ్చే రోజు చంకలో పౌడరు, డియోడరెంట్ రాసుకోవద్దనేది కూడా ఇందుకే. వాటిలోని లోహపు పొడి ఫొటోలో అచ్చం ఈ రేణువుల్లాగే పడుతుంది.

పలక దొరికింది. సరైన కిరణం ఇంకా దొరకలేదు. ఛాతీ ఎక్స్‌రేకు వంద కిలోవోల్టులు దాటిన వోల్టేజీ వాడటం మామూలు. ఆ ధాటికి కొవ్వూ, గ్రంథీ, గడ్డా అన్నీ ఒకేలా దారి ఇచ్చేస్తాయి. వోల్టేజీని ముప్ఫై లోపుకు దించితే కిరణం మెత్తబడుతుంది. అప్పుడు అది ఎంత ఇంకుతుందన్నది దేనిలోంచి పోతోందన్న దాన్ని బట్టి బాగా మారిపోతుంది. కొవ్వు నల్లగా, గ్రంథి తెల్లగా, కాల్షియం మరీ తెల్లగా విడివిడిగా పడతాయి. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రిలో రాబర్ట్ ఈగన్ 1950ల రెండో సగంలో మామూలు ఎక్స్‌రే యంత్రాన్నే ఇలా దారికి తెచ్చాడు. వోల్టేజీ తగ్గించి కరెంటు పెంచాడు. ఫ్యాక్టరీల్లో లోహపు భాగాల్లో పగుళ్లు పట్టడానికి వాడే సన్నని రేణువుల ఫిల్ము తెచ్చి పెట్టాడు. వెయ్యి మందికి తీసిన ఫలితాలు 1960లో ప్రకటించాడు. ఆయన పద్ధతిని ఎవరైనా నేర్చుకుని అదే ఫలితం రాబట్టగలిగారు, వారెన్‌కు కుదరనిది అదే. ఒంటికి తగిలే కిరణం మోతాదు మాత్రం ఎక్కువే.

రొమ్ము కోసమే ఒక యంత్రం కావాలని పట్టుపట్టినవాడు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ వైద్యుడు షార్ల్ గ్రో. సీజీఆర్ అనే ఫ్రెంచి కంపెనీతో కలిసి 1965లో చూపించిన తొలి నమూనా చూడటానికి ఏమంత గొప్పగా లేదు, మూడు కాళ్ల స్టాండు మీద ఒక ఎక్స్‌రే గొట్టం, దానికి నొక్కే ఏర్పాటు. గొప్పతనమంతా గొట్టం లోపల ఉంది. ఎక్స్‌రే గొట్టంలో ఎలక్ట్రాన్లు వచ్చి గుద్దుకునే లోహం మామూలుగా టంగ్‌స్టన్. గ్రో దాని బదులు మాలిబ్డినం పెట్టాడు. ప్రతి లోహం తనకంటూ కొన్ని ప్రత్యేక శక్తుల్లో కిరణాలను ఎక్కువగా విడుస్తుంది. మాలిబ్డినం విడిచేవి 17.5, 19.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, రొమ్ముకు కొలిచి కుట్టించినట్టు సరిపోతాయి. దారిలో అదే మాలిబ్డినంతో చేసిన పల్చటి రేకు అడ్డం పెడితే, 20 దాటిన చురుకు కిరణాలను అది మింగేసి, కావలసిన వాటిని వదిలేస్తుంది. ఇంకో చిన్న తెలివి కూడా ఈ యంత్రాల్లో ఉంది. ఎక్స్‌రే గొట్టం నుంచి కిరణం అన్ని వైపులా ఒకే బలంతో రాదు, ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. ఆ ఎక్కువ వైపును ఛాతీ గోడ వైపు తిప్పి బిగిస్తారు, రొమ్ము మందంగా ఉండేది అక్కడే కాబట్టి. ఇంజనీర్లకు లోపంగా కనిపించేదాన్ని ఇలా పనికి పెట్టుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

యంత్రం సరే. దానివల్ల ప్రాణాలు నిలుస్తాయా?

ఇది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. ఒకామెకు 53వ ఏట గడ్డ చేతికి తగిలి, చికిత్స జరిగి, 58వ ఏట చనిపోయిందనుకుందాం. క్యాన్సర్ బయటపడ్డాక అయిదేళ్లు బతికింది. అదే ఆమెకు 50వ ఏటే మామోగ్రామ్‌లో దొరికి, అయినా 58వ ఏటే చనిపోతే? ఎనిమిదేళ్లు బతికినట్టు లెక్క తేలుతుంది. ఆమె ఆయుష్షు ఒక్క రోజు పెరగలేదు, రోగినన్న ఎరుకతో బతికిన కాలం మూడేళ్లు పెరిగింది. అందుకే "ముందే దొరికినవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారు" అనే మాటను, ఆసుపత్రుల హోర్డింగుల మీద ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా, సాక్ష్యంగా తీసుకోలేం.

న్యూయార్క్ వైద్యుడు ఫిలిప్ స్ట్రాక్స్ భార్య రొమ్ము క్యాన్సర్‌తో చిన్న వయసులోనే పోయింది. ఆయన, గణాంకవేత్త శామ్ షపీరో, సర్జన్ లూయీ వెనే కలిసి 1963 డిసెంబరులో ఒక పని మొదలుపెట్టారు. హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్ అనే సంస్థ సభ్యుల్లో 40 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న 62,000 మందిని యాదృచ్ఛికంగా రెండు జట్లు చేశారు. ఒక జట్టును ఏడాదికోసారి మామోగ్రామ్‌కూ, డాక్టరు చేతి పరీక్షకూ పిలిచారు. రెండో జట్టు ఎప్పటిలాగే తమ వైద్యం తాము చూసుకుంది. పిలిచినవాళ్లలో దాదాపు మూడో వంతు అసలు రానే లేదు. అయినా వాళ్లను మొదటి జట్టు లెక్కలోనే ఉంచారు. వచ్చినవాళ్లను మాత్రమే లెక్కపెడితే, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లను ఏరి లెక్కపెట్టినట్టవుతుంది. పదేళ్లకు చూస్తే పరీక్షకు పిలిచిన జట్టులో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తక్కువ. స్క్రీనింగ్, అంటే ఏ లక్షణమూ లేనివాళ్లను ముందుగానే పరీక్షించడం, చావుల్ని తగ్గిస్తుందని ఇలా జట్లు కట్టి రుజువు చేసిన మొదటి సందర్భం ఇదే.

ఆ ఫలితాల్లో ఒక అంకెను ఎవరూ పెద్దగా చెప్పుకోరు. పరీక్షల్లో దొరికిన క్యాన్సర్లలో మూడో వంతు మామోగ్రామ్‌కు మాత్రమే దొరికాయి. అంతకన్నా ఎక్కువ డాక్టరు చేతికి మాత్రమే దొరికాయి. అప్పటి యంత్రం మోటుది, నిజమే. కానీ చేతిని అప్పుడే పక్కన పెట్టేయాల్సింది కాదు. ఈ అంకె ముంబయి దాకా మనతో వస్తుంది.

తర్వాత అంతా కీచులాటలే. 1973లో అమెరికా ఒకేసారి 2,80,000 మందికి స్క్రీనింగ్ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అధ్యక్షుడి భార్య బెటీ ఫోర్డ్ తనకు రొమ్ము తొలగించారని దాచకుండా చెప్పింది, కేంద్రాల ముందు జనం కిటకిటలాడారు. 1976లో వైద్య గణాంకవేత్త జాన్ బెయిలర్ అడ్డం తిరిగాడు. 50 లోపు వాళ్లకు ఏటేటా ఇన్ని కిరణాలు పెడితే మేలు కన్నా కీడు ఎక్కువ కావచ్చునని రాశాడు. ఆ దెబ్బతో యంత్రం బాగుపడింది, ఫిల్ముకు ఆనించి వెలుగునిచ్చే తెర వాడే పద్ధతి త్వరగా పాకి మోతాదు బాగా తగ్గింది. ఇవాళ నాలుగు ఫొటోలకూ కలిపి ఒంటికి చేరేది, ప్రకృతి నుంచి రెండు నెలల్లో మనందరికీ ఎలాగూ చేరే రేడియేషన్ కన్నా మించదు. 1985లో స్వీడన్ రెండు జిల్లాల్లో జరిగిన అధ్యయనం, లాస్లో టబార్ నేతృత్వంలో, మరణాలు 31 శాతం తగ్గాయంది. దాదాపు 90,000 మందితో కెనడాలో చేసిన అధ్యయనం ఏమీ తగ్గలేదంది. పాతికేళ్లు వెంబడించాక 2014లోనూ అదే మాట. ఒకరి పద్ధతిలో ఒకరు తప్పులు వెతకడం ఇప్పటికీ ఆగలేదు.

నాకు అన్నిటికన్నా నిజాయితీగా అనిపించింది బ్రిటన్ లెక్క. ఆ దేశం 1988 నుంచి ప్రభుత్వ ఖర్చుతో మూడేళ్లకోసారి మామోగ్రామ్‌కు పిలుస్తోంది. మైకేల్ మార్మట్ అధ్యక్షతన వేసిన స్వతంత్ర కమిటీ 2012లో తేల్చింది ఇది: 50 ఏళ్లు నిండిన 10,000 మందిని ఇరవై ఏళ్ల పాటు పిలిస్తే 43 మందికి రొమ్ము క్యాన్సర్ చావు తప్పుతుంది. 129 మందికి, ఎప్పటికీ ఇబ్బంది పెట్టకుండా ఉండిపోయే క్యాన్సర్ బయటపడి, అక్కర్లేని చికిత్స జరుగుతుంది. ఆ 129 మంది ఎవరో ఎవరికీ తెలియదు. చికిత్స పొందినవాళ్లంతా యంత్రం తమను కాపాడిందనే నమ్ముతారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చెప్పాక, పరీక్షకు రావాలో వద్దో ఆడవాళ్లనే తేల్చుకోమనడం మర్యాద.

డిజిటల్ కాలం కథ త్వరగా చెప్పేయొచ్చు. 2000లో తొలి డిజిటల్ మామోగ్రఫీ యంత్రానికి అమెరికా అనుమతి దొరికింది. దాని పేరు గ్రో యంత్రం పేరే, సెనోగ్రాఫ్. ఆ ఫ్రెంచి కంపెనీ అప్పటికే జీఈ చేతికి వెళ్లిపోయింది. 49,528 మంది మీద చేసిన పోలికలో ఫిల్ముకూ డిజిటల్‌కూ మొత్తం మీద తేడా లేదు. గ్రంథులు దట్టంగా ఉన్నవాళ్లలో, 50 లోపు వాళ్లలో మాత్రం డిజిటల్ మెరుగు. 2011లో గొట్టం విల్లులా తిరుగుతూ పొరలు పొరలుగా చూపే టోమోసింథసిస్ వచ్చింది. తమాషా ఏమిటంటే, కొత్త డిజిటల్ తెరలకు టంగ్‌స్టనే బాగా నప్పింది. మాలిబ్డినం చాలావరకు పదవీ విరమణ చేసింది. పలక మాత్రం కదల్లేదు. ఫొటో చదివిపెట్టే కంప్యూటర్లకు 1998లోనే అనుమతి వచ్చింది, 2007లో లెక్క చూస్తే అనవసర బయాప్సీలు పెరిగాయే తప్ప ఒరిగింది లేదని తేలింది. ఇప్పటి కృత్రిమ మేధ అంతకన్నా నయం. స్వీడన్‌లో 80,000 మందితో జరిగిన అధ్యయనం 2023లో ప్రకటించిన తొలి ఫలితాల్లో డాక్టర్ల చదివే పని 44 శాతం తగ్గింది, దొరికిన క్యాన్సర్లు తగ్గలేదు. ఆ లెక్కలో చావుల వరుస మాత్రం ఇంకా చేరలేదు.

మన దగ్గర పరిస్థితి వేరు. 2022 అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి 1,92,000 కొత్త రొమ్ము క్యాన్సర్లు, 98,000 మరణాలు. రోగుల్లో 50 లోపు వాళ్ల వాటా పాశ్చాత్య దేశాల కన్నా ఎక్కువ, జనాభాలోనే ఆ వయసు వాళ్లు ఎక్కువ కావడం అందుకు ఒక కారణం. ఆ వయసులో గ్రంథులు దట్టంగా ఉండి ఫొటో తెల్లగా పడుతుంది, గడ్డ కూడా తెల్లనే. తెలుపులో తెలుపు వెతకాలి. అందుకే చిన్న వయసువాళ్లకు మన డాక్టర్లు అల్ట్రాసౌండ్ కూడా రాస్తారు. పైగా మన చోట మామోగ్రామ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది ఏమీ తెలియకుండా వచ్చినవాళ్లు కారు, గడ్డ చేతికి తగిలి, నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా ఉండి వచ్చినవాళ్లు. వాళ్లకు యంత్రం చేసేది స్క్రీనింగ్ కాదు, రోగ నిర్ధారణ. గడ్డ ఉండి మామోగ్రామ్‌లో ఏమీ లేదన్నా సూది పరీక్ష దాకా వెళ్లాల్సిందే.

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యుడు ఇంద్రనీల్ మిత్రా 1998లో అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: యంత్రం లేకుండా చేతితోనే చేస్తే? మురికివాడల్లో 35 నుంచి 64 ఏళ్ల వయసున్న 1,51,538 మంది. మళ్లీ రెండు జట్లు. డాక్టర్లు కాకుండా, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి రొమ్ములను చేత్తో పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితాల్లో ముదిరిన దశలో దొరికిన క్యాన్సర్లు 47 శాతం నుంచి 37 శాతానికి దిగాయి. మొత్తం మీద మరణాలు 15 శాతం తగ్గినట్టు కనిపించినా, అది కాకతాళీయం కాదని గట్టిగా చెప్పలేని తేడా. 50 దాటినవాళ్లలో మాత్రం తగ్గుదల దాదాపు 30 శాతం, దానికి గణాంకాల బలం ఉంది. శిక్షణ పొందిన చేతి సంగతి ఇది. ఎవరికి వారు చూసుకునే పరీక్ష సంగతి వేరు. షాంఘై బట్టల మిల్లుల్లో 2,66,064 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు దాన్ని నేర్పి పదేళ్లు చూస్తే మరణాలు తగ్గలేదు, ప్రమాదం లేని గడ్డలకు బయాప్సీలు పెరిగాయి. ఒంట్లో వచ్చిన మార్పును గమనించుకోవడం వద్దని కాదు, అదొక్కటే చాలనుకోవద్దని.

కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ దారిలోనివే. 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి చేతి పరీక్ష, అనుమానం వస్తే పై ఆసుపత్రికి. తెలుగు జిల్లాల్లో హైదరాబాద్‌కు చెందిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ అంతకుముందే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పల్లెల్లో ఈ పద్ధతి నడిపింది. కాగితం మీద బాగానే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను, ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే, దేశం మొత్తం మీద అవునన్నవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. ఆ కొద్దిమందిలో ఒకరికి పరీక్షలో ఏదో తగిలితే, రాసిచ్చిన చీటీ పట్టుకుని ఆమె జిల్లా ఆసుపత్రికి వెళ్లిందా, వెళ్లిన రోజున అల్ట్రాసౌండ్ చేసేవాళ్లు ఉన్నారా, సూది పరీక్ష ఫలితం ఎన్నాళ్లకు వచ్చింది, అప్పటిదాకా కూలి మానుకుని ఎన్నిసార్లు తిరిగింది అన్న లెక్క ఆ సర్వే అడగదు.